కంప ఇవతలి మనిషి

అరకులో టైపు మాస్టారు విశ్వాసం గురించి ఎవరినడిగినా ముందు వచ్చే మాట ఒకటే, "నోట్లో నాలుక లేని మనిషండీ" అని. నాలుక లేకేం, నిక్షేపంగా ఉంది! ఆదివారం చర్చిలో వాక్యం చదివేది అతనే. చదివితే వెనక బెంచీ దాకా ఖంగుమని వినిపించేది. కాకపోతే సొంత మనసులో మాట దగ్గరికొచ్చేసరికి ఆ నాలుకే ఎటో సంతకెళ్లిపోయేది. సంబంధాలు వచ్చిన ప్రతిసారీ "చూద్దాంలెండి" అన్నాడు. ఆ చూసే రోజు రానే లేదు, నలభయ్యో ఏడు మాత్రం వచ్చేసింది. ఇంట్లో అతనూ, చిన్నప్పట్నుంచీ అతన్ని పెంచిన పిన్ని సంతోషమ్మా, అంతే.

అలాంటివాడు బతుకులో రెండే రెండు సాహసాలు చేశాడు. మొదటిది తొంభైతొమ్మిదిలో కంప్యూటరు కొనడం. టైపు నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారని, విశాఖపట్నంలో ఒక ఆఫీసు వదిలించుకుంటున్న పాత పెట్టెను కొన్నాడు. దాని టీవీ లాంటి ముక్కను పిన్ని బొంతలో చుట్టి, కిరండూల్ పాసింజరులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. సొరంగం వచ్చినప్పుడల్లా రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడట, చీకట్లో ఎవడైనా లాక్కుపోతాడేమోనని. రెండో సాహసానికి ఇంకా రెండేళ్లు పట్టింది.

అరకు మంచు సంగతి తెలిసిందే కదా, పెట్టెలో అగ్గిపుల్లలే మెత్తబడిపోతాయి. ఫ్లాపీలకు బూజు పట్టకుండా వాటిని దాచిన చెక్క బీరువాలో ఎప్పుడూ ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచేవాడు విశ్వాసం. "ఒరే, కోడిపిల్లల్ని పొదిగిస్తన్నావేటిరా?" అనేది సంతోషమ్మ. అంటూనే పెట్టె మీద దుమ్ము పడకుండా తన పాత చీర చెంగు కత్తిరించి ముసుగు కుట్టింది.

చర్చి మిషన్ వాళ్లకు అరకులో వేరే కంప్యూటరు లేదు. అందుకని అతని ఇంటికే ఫోను పెట్టించి, కొండల మీదున్న డిస్పెన్సరీలన్నిటి రిపోర్టులూ నెలనెలా ఈమెయిల్లో హెడ్డాఫీసుకు పంపమన్నారు. అరకు డిస్పెన్సరీ రిపోర్టు పట్టుకుని నెలాఖరున వచ్చేది స్టాఫ్ నర్సు జాయ్. పాలకొండ వైపు మనిషి. తండ్రి మంచంలో ఉన్నన్నాళ్లూ ఆయన సేవ తప్ప వేరే ఊసెత్తలేదు. ఆయన పోయేసరికి ఆమెకు ముప్పై అయిదేళ్లు వచ్చేశాయి. కాగితం ఇచ్చేసి వెళ్లిపోవచ్చు కదా, "నాకూ నేర్పండి మాస్టారండీ" అంది. వీధి తలుపు బార్లా తెరిచి, వసారాలో పిన్ని రాజ్‌మా గింజలు ఏరుతూ కూర్చుని ఉండగా, విశ్వాసం నేర్పాడు. ఆమె రెండు వేళ్లతో టైపు కొట్టేది. తప్పు కొట్టినప్పుడల్లా తనే నవ్వేది. ఆ నవ్వు వినడానికి అతను కొన్ని తప్పులు చూసీ చూడనట్టు వదిలేసేవాడు. ఇరవై ఏళ్లుగా తప్పు కొడితే వేళ్ల మీద స్కేలుతో కొట్టిన టైపు మాస్టారు!

రెండువేల సంవత్సరం మే నెలలో పేపర్లో ఒక వార్త వచ్చింది. ప్రేమిస్తున్నానంటూ ఈమెయిల్లో ఒక ఉత్తరం వస్తోందట. తెలిసినవాళ్ల పేరుతోనే వస్తోందట. అందులోని ఫైలు తెరిచామా, కంప్యూటరు పాడైపోయి, అదే ఉత్తరం మన పేరుతో మనవాళ్లందరికీ పోతోందట. ప్రపంచమంతా గగ్గోలు. విశ్వాసానికి ఆ పూట అన్నం సహించలేదు. తెలియనివాడు పంపింది తెరవకూడదని అతనికి తెలుసు. తెలిసినవాడి పేరుతోనే వస్తే ఎలా?

ఆ సందేహం తీర్చింది బుధు. హుకుంపేట అవతల కొండ మీద ఊరు ఆయనది. కొండచీపుర్లు అమ్ముకునే ముసలాయన. శుక్రవారం సంతకు వచ్చినప్పుడల్లా విశ్వాసం అరుగు మీద కాసేపు కూర్చుని టీ తాగి వెళ్లేవాడు. పెట్టెకు జబ్బు చేస్తుందని, అది ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుందని చెబితే, ఇందులో వింతేముందన్నట్టు చూశాడు.

"మా వొయిసులో అమ్మోరు వొచ్చినాది బాబూ. ఊరు కట్టీసినారు. దారికి అడ్డంగా ముళ్లకంప ఏసీసినారు. నోపలోడు బయటికి పోకూడదు, బయటోడు నోపలికి రాకూడదు."

"తెలిసినవాడొస్తేనో?" అన్నాడు విశ్వాసం.

"తెలిసినోడే తెత్తాడు బాబూ రోగం! తెలీనోణ్ని ఊరంతా ఆపుతాది. అల్లుణ్ని ఎవులాపుతారు? అందికే కంపకి అల్లుడని నేదు, కొడుకని నేదు. ఎవుడొచ్చినా కంప ఇవతలే నిలబడి కేకెయ్యాల. ఎవులు, ఏటి తెచ్చినావు అని నోపలోలు అడుగుతారు. గింజలు తెత్తే రాయి మీద పెట్టీసి ఎనక్కెల్లిపోవాల. బాగా ఎండ తగిలినాక తీసుకుంటారు."

"నువ్వెప్పుడైనా అలా నిలబడ్డావా?"

బుధు గ్లాసు ఊదుకుంటూ నవ్వాడు. "నానే కదా ఆ అల్లుణ్ని! నా ఆడది కన్నోరింటికెల్లి నోపలుండిపోయినాది. కేకేసినాను. ఏటి తెచ్చినావు అన్నారు. ఏటీ తేనేదు, నానే వొచ్చినాను అన్నాను. అయితే కూకో అన్నారు. తొమ్మిది దినాలు కూకున్నాను. పొద్దున్న ఓపాలి అది కేకేసేది, పొద్దుగూకితే ఓపాలి నాను. పదో దినం అదే వొచ్చి కంప తీసినాది."

ఆ మధ్యాహ్నమే విశ్వాసం ఒక అట్టముక్క మీద "ఎవరు? ఏం తెచ్చారు?" అని రాసి కంప్యూటరు నుదుటి మీద అంటించాడు. ఇక చూడండి చాదస్తం! కిరాణా కొట్టు వీరభద్రరావు కూతురి పెళ్లి శుభలేఖ మేటరు ఫ్లాపీలో వేయించుకొచ్చి "నేనేనయ్యా మాస్టారూ, తెలీనట్టు చూస్తావేం" అంటే, "మీరు తెలుసండీ, మీ ఫ్లాపీ ఎన్ని ఊళ్లు తిరిగొచ్చిందో నాకు తెలీదు కదా" అని, పరీక్ష పెట్టే సాఫ్టువేరుతో దాన్ని మూడుసార్లు చూశాకే తెరిచాడు. ఆయన నెల రోజులు ముఖం చూపించలేదు.

జాయ్‌కీ అదే పాఠం చెప్పాడు. "ఎవరైనా సరే, ఫైలు పంపేముందు ఫోను చేసో కార్డు రాసో కేకెయ్యాలండీ. కేక లేకుండా వచ్చింది తెరవకూడదు, తీసెయ్యాలి. తీసేసినవి పడే బుట్టలోంచి కూడా తీసెయ్యాలి."

"మీ పేరుతో వచ్చినా కూడానా?"

"నా పేరుతో వచ్చినా."

"పైన నా పేరు రాసున్నా కూడానా?"

"మీ పేరు రాసుంటే మరీనూ. అలాంటివే ముంచుతాయి."

ఆమె పలక మీద రాసుకున్నంత శ్రద్ధగా తలూపింది. ఈ కేకల సంగతి మీకెలా తెలిసిందని ఆమె అడిగితే బుధు కథ చెప్పాడు. చెప్పి, చెప్పి, "ఏటి తెచ్చినావు" అనే దాకా వచ్చి ఆగిపోయాడు. అల్లుడు ఏమన్నాడో ఆమె ఎదుట చెప్పడానికి సిగ్గేసింది. వెధవ సిగ్గు!

జూన్‌లో జాయ్‌ను చింతూరు మిషన్ ఆసుపత్రికి బదిలీ చేశారు. అవే కొండలు, అదే ఏజెన్సీ, అయినా ఒక దేశం దాటినంత. విశాఖపట్నం దిగాలి, రాజమండ్రి పోవాలి, మారేడుమిల్లి ఘాటు ఎక్కి శబరి ఒడ్డుకు దిగాలి. బస్సు దగ్గరికి డిస్పెన్సరీవాళ్లందరూ వచ్చారు. ఒకరు కాఫీ గింజలిచ్చారు, ఒకరు దుప్పటి ఇచ్చారు. విశ్వాసం జేబులోంచి ఒక ఫ్లాపీ తీసి ఇచ్చాడు. వైరస్‌ను పట్టే సాఫ్టువేరు అందులో ఉంది. ఎవరూ చెరిపెయ్యకుండా ఫ్లాపీ మూలనున్న చిన్న తలుపు కూడా జరిపి పెట్టాడు. అంతకన్నా ఇవ్వడానికి ఆ మహానుభావుడికి ఏమీ దొరకలేదు. జాయ్ దాన్ని హ్యాండుబ్యాగులో బైబిలు మధ్య పెట్టుకుంది. బస్సు మలుపు తిరిగాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు.

చింతూరు ఆసుపత్రిలోనూ ఒక కంప్యూటరుంది, అందులోంచి రిపోర్టు పంపేముందు నెలకొక్క ఫోను. "మాస్టారండీ, వందనాలు. కేకేస్తన్నాను. రెండు పేజీలు వస్తాయి." "అలాగేనండీ." "పిన్నిగారు బాగున్నారా?" "బాగున్నారండీ." అంతే, అర నిమిషం. ఆ అర నిమిషం కోసం అతను మిగతా నెలంతా బతికాడంటే అబద్ధం కాదు. ఇరవై ఎనిమిదో తారీఖు నుంచే ఫోనుకు పది అడుగుల దూరం దాటేవాడు కాదు. ఆమె కూర్చున్న కుర్చీలో వేరేవాళ్లను కూర్చోనిచ్చేవాడు కాదు. ముక్కాలిపీట చూపించేవాడు.

ఆదివారాలు మరీ కష్టమయ్యాయి. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, పెట్టె ముందు కూర్చుని ఆమెకు ఉత్తరం రాసేవాడు. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. రాసి, టైపు పరీక్ష పేపర్లు దాచే చోటే దాచేవాడు. ఫైలుకు "జాయ్ గారికి" అని పేరు, పక్కన అంకె. ఒకటి, రెండు, పది, ముప్పై. ఒక్కటీ పంపలేదు. ఊరికే రాసేవాడు. ఊరికే కాదు, రాయకపోతే ఆ సాయంత్రం గడిచేది కాదు.

రెండువేల ఒకటి జూలైలో ఒక పొద్దున్న హెడ్డాఫీసు పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. పైన "చింతూరు సిబ్బంది బదిలీలు" అని ఉంది. ముందు కేక లేదు. ఆఫీసుకు ఫోను చేసి అడగాలి. అట్టముక్క ఎదురుగానే ఉంది, కళ్లెదురుగానే. కానీ ఆ మూడు మాటలూ చూశాక ఆ మనిషికి ఇంకేమీ కనబడలేదు. బదిలీలంట! చింతూరంట! తిరిగొచ్చేస్తుందేమో! చెయ్యి తనంతట తనే నొక్కేసింది.

నిజంగానే జాబితా తెరుచుకుంది. కె. జాయ్, స్టాఫ్ నర్సు, చింతూరు, ఇంకో మూడేళ్లు కొనసాగింపు. విశ్వాసం ఆ వరుసనే చాలాసేపు చదువుతూ కూర్చున్నాడు. "ఏటిరా అలాగున్నావు, వొంట్లో బాగోలేదా?" అని సంతోషమ్మ నుదురు పట్టి చూసింది. తాను చేసిన తప్పు మాత్రం అతనికి తట్టనే లేదు.

నాలుగో రోజున హెడ్డాఫీసు గుమస్తా ఫోను చేశాడు. "ఏమండీ మాస్టారూ, టైపు పరీక్ష పేపరు మాకెందుకు పంపారండీ?"

"నేను పంపలేదండీ."

"మీ పేరుతోనే వచ్చింది. ఇక్కడ మా కంప్యూటర్లన్నీ వారం నుంచి గోలగోలగా ఉన్నాయి. ఉన్న ఫైళ్లలో ఏదో ఒకటి తీసుకుని, తెలిసినవాళ్ల చిరునామాలకు అదే పంపించేస్తోందట ఏదో వైరస్."

విశ్వాసం వెంటనే చిరునామాల జాబితా తెరిచాడు. అతని పెట్టెలో ఉన్న చిరునామాలు రెండే రెండు. ఒకటి హెడ్డాఫీసు. రెండోది చింతూరు. ఆఫీసుకు టైపు పేపరు పోయింది. ఆ పేపర్ల పక్కనే దాచినవి ఏభై రెండు ఉత్తరాలు. చింతూరుకు ఏం పోయినట్టు?

చింతూరు ఆసుపత్రిలో ఈమెయిల్ తీసేది గురువారం. అప్పటికి మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ అతను ఫోనెత్తడం, పెట్టెయ్యడం, మళ్లీ ఎత్తడం. చదివేస్తే ఏమనుకుంటుంది? ఇన్నాళ్లూ తలుపులు బార్లా తెరిచి పాఠం చెప్పింది ఇందుకా అనుకుంటే? చర్చివాళ్లకు తెలిస్తే? తల కొట్టేసినట్టయ్యేది. కానీ ఆ భయం అడుగున ఇంకోటి ఉంది. చదివేస్తే బాగుణ్ను, అని. ప్రభువా, ఆ పాడు వైరస్సే నా నోరయితే బాగుణ్ను, అని.

గురువారం పదకొండు గంటలకు ఫోను మోగింది.

"మాస్టారండీ, వందనాలు. మీ పెట్టెకి జ్వరమొచ్చినట్టుందండీ. మీ పేరుతో ఒక ఫైలొచ్చింది. పైన 'జాయ్ గారికి 31' అని ఉంది. మీరు కేకెయ్యలేదు కదా, అందుకే తెరవలేదు. తీసేశాను. బుట్టలోంచి కూడా తీసేశాను."

"మంచి పని చేశారండీ" అన్నాడు విశ్వాసం. గండం గడిచింది. గడిచిన గండానికి కళ్లలో నీళ్లెందుకొస్తాయో ఆ దేవుడికే తెలియాలి.

"వైరస్సేనాండీ?"

"వైరస్సేనండీ."

"దానికి నా పేరెలా తెలుసండీ? ముప్పై ఒకటేటండీ?"

"అవి... అలాగే రాస్తాయండీ."

"సరేనండీ. మీరే పంపేది ఏమైనా ఉంటే కేకెయ్యండి. గురువారాలు నేనే చూస్తాను" అని పెట్టేసింది.

పెట్టెను బాగుచెయ్యాలంటే మొత్తం తుడిచెయ్యడం తప్ప దారి లేదన్నారు విశాఖలో. ఏ ఫైలులో ఏ పురుగు దాగి ఉందో చెప్పలేమన్నారు. తుడిచేముందు విశ్వాసం ఏభై రెండు ఉత్తరాలూ వరసగా చదివాడు. రాజ్‌మా పూత గురించి ఉంది. పిన్ని మోకాళ్ల నొప్పి గురించి ఉంది. చర్చి పైకప్పు కురవడం గురించి ఏకంగా నాలుగు ఉత్తరాలున్నాయి. అసలు మాట ఒక్కదాంట్లోనూ లేదు! ముప్పై ఒకటో ఉత్తరమంతా బుధు తెచ్చిన తేనె గురించి. ఆమె తెరిచి చదివినా, పాపం, తేనె బాగుందని తప్ప ఇంకేమీ తెలుసుకునేది కాదు. తన మీద తనకే ఒళ్లు మండింది. అన్నీ తుడిచేశాడు.

శుభ్రమైన పెట్టెలో కొత్త ఉత్తరం రాశాడు. రెండే వాక్యాలు. "మీరు వెళ్లినప్పట్నుంచి నాకు ఏమీ బాగాలేదు. మీరు ఒప్పుకుంటే మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది." పంపేముందు నియమం ప్రకారం కేకెయ్యాలి కదా. ఫోనులో ఆ మాటేదో చెప్పెయ్యొచ్చుగా అంటారా? ఫోనులో చెప్పగలిగినవాడైతే ఇంత రామాయణం దేనికి! పోస్టు కార్డు రాశాడు. "వచ్చే వారం గురువారానికి ఒక ఫైలు వస్తుంది. అది నాదే. తెరవండి." కార్డు మామూలుగా నాలుగు రోజుల్లో చేరుతుంది. అయినా పది రోజులు ఆగి, బుధవారం నాడు ఉత్తరం పంపాడు.

గురువారం ఫోను రాలేదు. శుక్రవారం పేపర్లో పడింది. శబరి పొంగింది, చింతూరుకు దారులన్నీ తెగిపోయాయి, ఫోన్లు పోయాయి. ఎన్నిసార్లు నంబరు తిప్పినా గుయ్యిమనే మోత తప్ప ఏమీ లేదు. విశ్వాసం తిండి సగమైపోయింది. ఆమె క్షేమమేనా అని ఒక బెంగ, ఉత్తరం చదివిందా అని ఇంకో బెంగ. "ఒరే, ఆ నర్సమ్మ మీద మనసుంటే సెప్పి సావొచ్చు కదరా, నాకు తెలీదనుకున్నావేటి?" అని సంతోషమ్మ కసిరింది. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతూ ఒకే వచనాన్ని మూడుసార్లు చదివాడు. అందరూ వాక్యంలోని శక్తి అనుకున్నారు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"మాస్టారండీ!"

"బాగున్నారాండీ?"

"బాగున్నానండీ. ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి ఆగింది నీరు. వరదకి ముందే ఘాటు రోడ్డు కూలి నెలగా టపా లేదు, ఈరోజే వచ్చింది. మీ కార్డు అందింది."

"మరి... ఫైలు?"

"అది ఆ గురువారమే వచ్చిందండీ, లైను పోయేముందు. మీ పేరుంది, నా పేరుంది. కేక లేదు. తీసేశాను. బుట్టలోంచి కూడా. ఇప్పుడీ కార్డు చూసి ఏడుపొచ్చిందండీ నాకు. మనిషి ముందొచ్చేశాడు, కేక ఎనకొచ్చింది."

"మళ్లీ పంపుతానండీ. ముందు కార్డు రాసి..."

"వద్దండీ! ఇంకో కార్డూ, ఇంకో వరదా, నావల్ల కాదు." తర్వాత, తప్పు కొట్టినప్పుడు నవ్వే గొంతుతోనే అడిగింది. "కంప అవతల ఎవరు?"

విశ్వాసం ఫోనును రెండు చేతులా పట్టుకున్నాడు. "నేనండీ. విశ్వాసాన్ని."

"ఏం తెచ్చారు?"

అతను పెట్టె వైపు చూశాడు. అందులో ఏమీ లేదు, తుడిచేశాడు కదా. చేతిలో కాగితం లేదు. వసారాలో సంతోషమ్మ చేట చప్పుడు ఆగిపోయింది. చెప్పడానికి అతనికి తెలిసిన జవాబు ప్రపంచంలో ఒక్కటే ఉంది.

"ఏమీ తేలేదండీ" అన్నాడు. "నేనే వచ్చాను."

లైనులో శబరి హోరు లాంటి మోత. ఆ మోతలోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అయితే కూర్చోండి" అంది జాయ్. "బుధు తాత అరకు డిస్పెన్సరీకి మందులకి వచ్చినప్పుడే నాకు కథ మొత్తం చెప్పేశాడు. మీరే ఏడాది నుంచి సగంలో ఆపేసి కూర్చున్నారు."